ఇంటర్ పరీక్షల తర్వాత రోజంతా ఫోనుతోనే గడిచిపోతోందా?

పరీక్షలయ్యాక ఫోను వదలలేకపోతున్నానని, ఇది బద్ధకమేమోనని మీరు రాశారు. ఇది బద్ధకం కాదు. రెండేళ్లపాటు కాలేజీ గంటే మీ రోజును నడిపింది, పరీక్షలు ముగియగానే అది ఆగిపోయింది. పొద్దున్నే వెళ్లడానికి ఒక చోటు లేకనే చేయి ఫోను వైపు పోతోంది. నల్లగొండలో ఉంటున్నానని, ఎంపీసీ చదివానని కూడా రాశారు కాబట్టి దానికి తగినట్టే చెబుతున్నాను.

1. అందరూ పనుల చిట్టా రాసుకుంటారు, ఎక్కడ కూర్చోవాలో మాత్రం నిర్ణయించుకోరు. పొరపాటు జరిగేది ఇక్కడే. ముందు చోటు, తర్వాతే పని. జిల్లా గ్రంథాలయం తెరిచే వేళకు అక్కడ ఉండండి. ఫోను అమ్మ చేతికిచ్చి వెళ్లండి, జేబులో ఉంటే కుదరదు. మొదటి వారం దినపత్రిక చదివినా చాలు. రోజూ అదే సమయం, వీలైతే అదే కుర్చీ.

2. ఒక ఉదయం ఎండ ముదరకముందే నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్లండి. గర్భగుడిలో శివలింగం మీద స్తంభం లాంటి నీడ పగలంతా కదలకుండా ఉంటుంది. సూర్యుడు కదులుతున్నా నీడ ఎందుకు కదలదు? స్తంభాల మధ్య నుంచి వెలుగు లోపలికి వచ్చే దారులను కాగితం మీద గీయండి. నేను మూడుసార్లు తప్పు గీశాను, కాంతి పాఠం అప్పుడే నిజంగా అర్థమైంది.

3. దోస్త్ (తెలంగాణ డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ ప్రవేశాల విధానం) ద్వారా డిగ్రీలో చేరాలనుకుంటే, ఆధార్‌కు ఫోను నంబరు జతయిందో లేదో ఈ వారమే చూసుకోండి. కుల, ఆదాయ ధ్రువపత్రాలకు మీసేవలో ఇప్పుడే దరఖాస్తు చేయండి.

ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ రాస్తుంటే పానగల్లు ప్రయాణం ఆ పరీక్ష అయ్యాకే. గ్రంథాలయానికి మాత్రం రేపే వెళ్లండి.