పాత పేపరు కామిక్స్ పోగుచేస్తానన్న మేనల్లుడికి

అల్లుడూ,

అమెరికా పేపర్లలో వచ్చిన పాత కామిక్ స్ట్రిప్పులు, అంటే వరస గడుల్లో బొమ్మలతో నడిచే చిన్న కథలు, సేకరిస్తానని, వీలు కుదిరితే కార్టూనిస్టులు చేత్తో గీసిన అసలు బొమ్మలు కూడా కొంటానని రాశావు. ఏవి కొనాలని అడిగావు. దానికంటే ముందు ఏం చూడాలో చెబుతాను. కాగితం చేతికి రాగానే బొమ్మ చూడకు, తేదీ చూడు. తేదీ తెలియని ముక్క ఎంత ముద్దొచ్చినా దాన్ని దేనితోనూ సరిపోల్చలేవు, రేపు నువ్వు అమ్మబోతే కొనేవాడికి ఏమీ చెప్పలేవు.

అచ్చు పేజీ, అసలు బొమ్మ పూర్తిగా వేరువేరు సరుకులు. అచ్చు పేజీ వేలల్లో, లక్షల్లో పుట్టింది. దాన్ని నకలు చేసి అమ్మేవాళ్లు తక్కువ, కానీ ఆ కాగితం పుట్టిన రోజు నుంచే చస్తూ ఉంటుంది. అసలు బొమ్మ ఒక్కటే ఉంటుంది, మందపాటి అట్ట మీద నిక్షేపంగా నిలుస్తుంది. దొంగ సరుకంతా అక్కడే. అందుకని మొదటి ఏడాది అచ్చు పేజీలే కొను. కన్ను కుదిరాక అసలు బొమ్మల జోలికి వెళ్దువుగాని.

అన్నీ కావాలని కక్కుర్తి పడకు. ఒక స్ట్రిప్ ఎంచుకో, అందులో నాలుగైదేళ్లు ఎంచుకో, ఆ ఏళ్ల క్యాలెండర్ నోటికి రావాలి. ఉదాహరణకి చార్లెస్ షుల్జ్ గీసిన 'పీనట్స్' 1950 అక్టోబరు 2న, సోమవారం, ఏడు పేపర్లలో మొదలైంది. దాని ఆదివారం పేజీ మాత్రం 1952 జనవరి 6 దాకా రాలేదు. ఎవరైనా '1951 నాటి ఆదివారం పీనట్స్' అంటే ఇక బేరం అక్కర్లేదు. తిరకాసు ఇంకోలా కూడా ఉంటుంది. హాల్ ఫోస్టర్ 'ప్రిన్స్ వేలియంట్' మొదటి పేజీ తేదీ 1937 ఫిబ్రవరి 13. లెక్క కట్టి చూస్తే శనివారం వస్తుంది. తప్పేం కాదు, కొన్ని పేపర్లు రంగుల కామిక్స్ శనివారమే వేసేవి. 'క్రేజీ క్యాట్' పెద్ద పేజీలు 1916లో మొదలైనా, 1922లో కొన్ని వారాలు తప్పిస్తే, 1935 దాకా నలుపు తెలుపులోనే వచ్చాయి. 1928 నాటిదంటూ రంగుల పేజీ చూపిస్తే ఆ రంగు తర్వాత ఎవరో పులిమిందే.

చాలా స్ట్రిప్పుల్లో గడి మూలన నెల, తేదీ అంకెలు మాత్రమే ఉంటాయి. సంవత్సరం కాపీరైట్ వరుసలో చిన్న అక్షరాల్లో ఉంటుంది, లేదా అసలు ఉండదు. వెనకవైపు పేపరులో వారం పేరు దొరికితే చాలు. ఒక తేదీ మళ్లీ అదే వారంలో పడాలంటే 5, 6 లేదా 11 ఏళ్లు పట్టాలి. బొమ్మ తీరు చూస్తే అందులో ఏ ఏడాదో తేలిపోతుంది.

ఆదివారం పేజీల సైజుల దగ్గరే కొత్తవాళ్లు ఎక్కువగా మోసపోతారు. ఒకే తేదీ స్ట్రిప్ ఒక పేపరులో నిండు పేజీగా, ఇంకోదాంట్లో అర పేజీగా, మరోదాంట్లో మూడో వంతుగా, టాబ్లాయిడ్ అనే చిన్న సైజు పేజీగా కూడా వచ్చేది. జాగా తక్కువున్న పేపరు పై వరుస తీసేసుకునే వీలు పెట్టి కార్టూనిస్టు గీసేవాడు. ఆ వరుసలో స్ట్రిప్ పేరున్న గడి, దాని పక్కనే ఒక చిన్న గడి ఉంటాయి. ఆ చిన్న గడి తీసేసినా కథ నడుస్తుంది. మూడో వంతు కొంటే ఆ చిన్న గడిలోని జోకు నీకు దక్కదు. 1930ల పేజీల్లో అదే కార్టూనిస్టు గీసిన ఇంకో చిన్న స్ట్రిప్ నెత్తిన కూర్చునేది. దాన్ని కోసేసి కిందిది మాత్రం అమ్మడం మామూలే. నాలుగు వైపులా అంచు తెల్లగా మిగిలి ఉందా, పైన పేపరు పేరు, తేదీ ఉన్న వరుస ఉందా అని అడుగు. కత్తెర నేరుగా గీత మీదుగా పోయి ఉంటే సగం ధర కూడా ఎక్కువే. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో కాగితం కరువొచ్చి స్ట్రిప్పులు చిన్నబోయాయి. అప్పటి పేజీ పొట్టిగా ఉందని అనుమానించకు.

ఒకే తేదీవి రెండు పేజీలు దొరికితే రంగులు గీత దాటని దాన్ని తీసుకో. ఎరుపు రంగు అచ్చేసే పలక ఒక వెంట్రుక వాసి జరిగినా ముఖాలకు రెండు పెదవులు కనిపిస్తాయి. ఇది పేపరును బట్టి, ఆ రోజు ప్రెస్సు నడిచిన తీరును బట్టి మారుతుంది.

మంచి పేజీలు ఎక్కువగా లైబ్రరీల బైండు పుస్తకాల నుంచి వచ్చినవే. 20వ శతాబ్దం రెండో సగంలో అమెరికా లైబ్రరీలు పేపర్లను మైక్రోఫిల్మ్ తీసి, అసలు కాగితాన్ని వదిలించుకున్నాయి. ఆ ఫిల్మ్ నలుపు తెలుపు, రంగుల పేజీలన్నీ అందులో బూడిద రంగుకు మారిపోయాయి. బిల్ బ్లాక్‌బియర్డ్ అనే ఆయన శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆ పారేసిన బైండులను పోగుచెయ్యబట్టి చాలా స్ట్రిప్పులు మిగిలాయి. ఆ సేకరణ 75 టన్నులు తూగింది. ఇప్పుడు ఒహైయో స్టేట్ యూనివర్సిటీలోని బిల్లీ ఐర్లాండ్ కార్టూన్ లైబ్రరీలో ఉంది. బైండు నుంచి విడదీసిన పేజీకి ఒక పక్క కుట్టు చిల్లులో, కోతో ఉంటుంది, ఎక్కడో లైబ్రరీ ముద్ర ఉంటుంది. వాటికి భయపడకు. మూసి ఉన్న పుస్తకంలో వెలుతురు తగలక రంగులు నిన్న అచ్చేసినట్టుంటాయి. భయపడాల్సింది ఆల్బంలో అతికించిన కత్తిరింపులకి. జిగురు వెనక నుంచి ముందుకు మరకగా దిగుతుంది, వెనకవైపు ఉన్న ఇంకో స్ట్రిప్ ఎలాగూ పోతుంది.

ఇక కాగితం జబ్బు సంగతి. న్యూస్‌ప్రింట్‌ను చెక్కను నూరి చేస్తారు, అందులో లిగ్నిన్ అనే చెక్కలోని పదార్థం అలాగే మిగిలిపోతుంది. వెలుతురు, గాలి తగిలితే అది పసుపెక్కుతుంది, ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లం పీచును తుంచుతుంది. పసుపెక్కడం వేరు, పెళుసెక్కడం వేరు. పేజీ అంతా ఒకే తీరు లేత గోధుమ రంగులో ఉండి, ఎత్తితే వంగుతుంటే ఏ ఇబ్బందీ లేదు. అంచులు మాత్రం ముదురు గోధుమ రంగుకు తిరిగి, కవరు అడుగున పొట్టులాంటి రవ్వలు కనిపిస్తే వద్దు. మూల మడిచి పరీక్షించకు, ఆ పరీక్షకే మూల ఊడుతుంది. నడిమి మడత మీద వెలుతురు పడేలా పట్టుకుని చూడు. సూది మొనల్లా కాంతి కారుతుంటే మడత చివరి దశలో ఉన్నట్టు. పాత కాగితం పాలలా తెల్లగా ఉంటే సంతోషించకు, వాసన చూడు. బ్లీచింగ్ వాసనొస్తే ఎవరో కడిగారు. కడిగిన కాగితం ఇంకా తొందరగా పోతుంది.

ఆమ్లం తగ్గించే స్ప్రేలు దొరుకుతాయి. అవి జబ్బును నెమ్మదింపజేస్తాయి గానీ విరిగిన పీచును అతికించవు, కొన్ని సిరాలను కదిలిస్తాయి కూడా. కాబట్టి ముందు విలువలేని ముక్క మీద చూడు. సెల్లోటేపు మాత్రం చచ్చినా వాడకు. నాలుగేళ్లకు ప్లాస్టిక్ ఊడొస్తుంది, జిగురు కాగితంలోనే ఉండి గోధుమ మరకవుతుంది. చిరుగుకు వెనక నుంచి పలచటి జపాన్ కాగితం, గోధుమ పిండి గంజి చాలు. లామినేషన్ చేయించాలన్న ఆలోచన వస్తే ఆ రోజంతా పేజీని ముట్టుకోకు, మర్నాటికి ఆలోచన పోతుంది.

దాచేటప్పుడు పేజీని పూర్తిగా విప్పి పడుకోబెట్టు. కింద క్షారం కలిపిన అట్టో, మందపాటి కాగితమో పెట్టి, 4 మిల్ అంటే 100 మైక్రాన్ల పాలిస్టర్ కవరులో దూర్చు. పీవీసీ కవరు వద్దు, దాని మెత్తదనం కోసం కలిపే రసాయనం కారి సిరాను లాగేస్తుంది. నాలుగు వైపులా సీలు చేస్తే బాగుంటుందనిపిస్తుంది, చెయ్యకు. ఆమ్లమున్న కాగితం తన ఆవిరిలో తానే ఉడికి బయట ఉన్నదానికంటే తొందరగా పాడవుతుంది. రెండు వైపులు తెరిచే ఉంచు. గది 18-20 డిగ్రీలు, తేమ 40-50 శాతం ఉంటే మంచిది. అంత కుదరకపోతే ఎప్పుడూ ఒకేలా ఉండేలా అయినా చూసుకో. తేమ 65 దాటితే బూజు మొదలవుతుంది. నేల మీద, అటక మీద పెట్టకు. బొద్దింకలకూ, సిల్వర్‌ఫిష్ పురుగులకూ గంజి, జిగురు విందు భోజనం. గోడకు పెట్టాలని మోజుంటే అంగుళానికి 600 చుక్కల స్కాన్ తీసి ఆ ప్రింటు పెట్టుకో.

అసలు బొమ్మలకు వద్దాం. ఎక్కువగా బ్రిస్టల్ బోర్డు అనే మందపాటి నున్నటి అట్ట మీద ఇండియన్ ఇంక్‌తో, అచ్చయ్యే సైజుకు ఒకటిన్నర రెట్లో రెండు రెట్లో పెద్దగా గీస్తారు. తగ్గించి అచ్చేస్తే గీత బిగుసుకుంటుంది. ఆదివారం బొమ్మకు కూడా రంగు ఉండకపోవడం మామూలే. రంగుల సూచన వేరే ప్రింటు మీద వేసి పంపేవాళ్లు. నిజమైన బొమ్మ అంత శుభ్రంగా ఉండదు. లేత నీలం పెన్సిల్ గీతలు ఉంటాయి, ప్రెస్సు కెమెరాకు ఆ నీలం కనిపించదు. తప్పుల మీద తెల్ల రంగు, అతికించిన మాటల చీటీలు, సిండికేట్ (స్ట్రిప్పులను పేపర్లకు అమ్మే సంస్థ) పేరున్న చిన్న పట్టీ, దాని చుట్టూ రబ్బరు జిగురు వదిలిన గోధుమ మరక ఉంటాయి. నీడల కోసం అంటించిన చుక్కల ఫిల్మ్ ముడుచుకుని లేస్తుంటుంది. అమ్మేవాడు క్షమాపణలు చెప్పే ఈ లోపాలే నీకు సాక్ష్యాలు.

పది రెట్లు పెద్దగా చూపే లూప్ అనే భూతద్దం కొనుక్కో. నల్ల భాగం చిన్న చుక్కలుగా విడిపోతే అది అచ్చు. చుక్కలు లేనంత మాత్రాన అసలు కాదు. సిండికేట్లు పేపర్లకు పంపిన ప్రూఫులు, అంటే నమూనా అచ్చులు, మంచి కాగితం మీద కరుకైన నలుపుతో ఉంటాయి, వాటిని అసలు బొమ్మలంటూ అంటగడతారు. అవి ప్రూఫులుగా కొంటే చవక, చక్కటి సరుకు కూడా. దీపాన్ని పక్క నుంచి ఏటవాలుగా పెట్టి చూడు. చేత్తో వేసిన పెద్ద నలుపులో కుంచె వెళ్లిన దారులు, సిరా చిక్కగా ఆగినచోట మెరుపు తెలుస్తాయి.

నకిలీని పట్టుకోవడానికి నాకు అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష ఇది. ఆ తేదీ అచ్చు స్ట్రిప్ సంపాదించి పక్కన పెట్టు. అచ్చులో సన్నటి సందులు సిరాతో పూడిపోతాయి, పలచటి గీత మధ్యలో తెగుతుంది. ఇవి ప్రెస్సు చేసే తప్పులు, కార్టూనిస్టువి కావు. జుట్టు గీతల మధ్య సందు అచ్చులో ఎక్కడ పూడిందో, నీ ముందున్న 'అసలు'లో కూడా సరిగ్గా అక్కడే పూడి ఉంటే అచ్చును చూసి దిద్దినదే. దిద్దిన గీత నెమ్మదిగా, ఒకే లావుగా నడుస్తుంది, చివర సన్నబడకుండా మొండిగా ఆగుతుంది. అందుకే నకిలీగాళ్లు పూర్తి స్ట్రిప్ జోలికి తక్కువగా వెళ్తారు. పోల్చడానికి ఏమీ లేని ఒంటి బొమ్మ, కింద సంతకం, ఇదే వాళ్లకు సుఖం. షుల్జ్ పేరుతో తిరిగే దొంగ స్నూపీ (పీనట్స్‌లోని కుక్క) బొమ్మలకు లెక్కలేదు. ఒంటి బొమ్మైతే అది ఎవరికిచ్చారో, ఎవరి చేతులు మారిందో కాగితాలు అడుగు. అమ్మేవాడు తానే అచ్చేసుకున్న సర్టిఫికెట్ కాగితాల లెక్కలోకి రాదు.

సంతకం ఒకరిది, చెయ్యి ఇంకొకరిది అయిన సందర్భాలూ బోలెడు. సహాయకులు గీసి, యజమాని పేరుతో వెళ్లిన స్ట్రిప్పులు మోసం కాదు, ఆ వృత్తి నడిచిన పద్ధతే అది. ధరలో తేడా ఉంటుంది కాబట్టి ఏ ఏళ్లలో ఎవరు గీశారో తెలుసుకుని కొను. బొమ్మ కొంటే కాపీరైట్ రాదు, చొక్కాల మీద వేసి అమ్ముకోలేవు.

ఇండియన్ ఇంక్‌లో ఉండేది బొగ్గు, వెలుతురుకు వెలిసిపోదు. కానీ నల్ల భాగాలను మార్కర్ పెన్నుతో నింపిన బొమ్మల్లో ఆ నలుపు ఊదాగానో గోధుమగానో దిగిపోతుంది. అవి గోడకెక్కించకు. ఎక్కించేవాటికి అద్దం కాగితాన్ని తాకకుండా మధ్యలో కిటికీ కోసిన అట్ట ఉండాలి, పై అంచున రెండు జపాన్ కాగితం కీలు చాలు. అట్ట మొత్తాన్ని జిగురుతో అంటించే ఫ్రేము దుకాణం నుంచి బొమ్మ తీసుకుని వచ్చెయ్యి.

కొనేముందు వెనకవైపు ఫొటో, నాలుగు అంచుల ఫొటోలు, పక్కన స్కేలు పెట్టిన ఫొటో అడుగు. వేలంలో నువ్వు పాడిన ధర మీద కొనుగోలుదారు కమిషన్ విడిగా పడుతుంది, అది కలుపుకునే పైమెట్టు నిర్ణయించుకో. చుట్టి గొట్టంలో పంపుతానంటే ఒప్పుకోకు. పెళుసు కాగితం విప్పేటప్పుడు ముక్కలవుతుంది. రెండు గట్టి అట్టల మధ్య, అట్టల గీతలు ఒకదానికొకటి అడ్డంగా ఉండేలా పెట్టించు, అప్పుడు పార్సిల్ ఏ వైపుకూ వంగదు.

వచ్చిన ప్రతిదానికీ కవరు మీద పెన్సిల్‌తో తేదీ, పేపరు పేరు, సైజు, ఎవరి దగ్గర ఎంతకు కొన్నావో రాయి. బొమ్మ మీద మాత్రం ఏమీ రాయకు, వెనకవైపు కూడా.

మొదటి కొనుగోలుగా ఒకే స్ట్రిప్‌లో ఒక వారం మొత్తం వెతుకు. సోమవారం నుంచి శనివారం దాకా ఆరు రోజువారీ పట్టీలు, ఒక ఆదివారం పేజీ, అన్నీ ఒకే పేపరువి అయితే మరీ మంచిది. దొరికాక నాకు ఫొటోలు పంపు. ముందు వెనకవైపువి, అంచులవి పంపు. బొమ్మలు తర్వాత తీరిగ్గా చూద్దాం.

ఇట్లు,
మీ మామయ్య