మావయ్య రీలు మళ్ళీ తిరుగుతుందా?

ప్రశ్న: మాది బారువ అండి. మా మావయ్య షిప్పులో పనిచేసినప్పుడు తెచ్చిన, చేపల గాలానికి దారం చుట్టే మిచెల్ 300 రీలు ఏళ్ళుగా అటక మీదే ఉండిపోయింది, ఇప్పుడు హ్యాండిల్ తిప్పితే ఇసక నమిలినట్టు గరగరమంటోంది, కొబ్బరి నూనె పోస్తే రెండ్రోజులు బానే ఉంది, మళ్ళీ మొదటికే. పారేయాల్సిందేనా?

జవాబు: అయ్యో పారేయకండి బాబూ! అది ఫ్రాన్స్‌లో చేసిన గట్టి సరుకు. ఉద్దానం దగ్గరోళ్ళకి ప్రతీదానికీ కొబ్బరి నూనే మందు, కానీ చలికాలం గడ్డకడతాది, తర్వాత జిగురైపోతాది. ముందు సైడు మూత ఇప్పండి, ఒక్కో ముక్క తీసినప్పుడల్లా ఫోన్లో ఫొటో తియ్యండి, లేపోతే బిగించేటప్పుడు ఓ వాషర్ చేతిలో మిగిలిపోద్ది (నాకు మిగిలింది). పాత గ్రీజు మైనంలా పసుప్పచ్చగా అంటుకునుంటాది, గేర్లని ఓ గంట కిరసనాయిల్లో నానేసి పాత టూత్‌బ్రష్‌తో పళ్ళ సందుల్లో రుద్దండి. డ్రాగ్ (చేప లాగినప్పుడు దారాన్ని బిగువుగా వదిలే బ్రేకు) వాషర్లకి మాత్రం అది తగలనీకండి. ఆరేక గేర్లకి పల్చగా గ్రీజు, హ్యాండిల్‌కీ లైను (గాలం దారం) మీంచి జారే చిన్న చక్రం, లైన్ రోలర్‌కీ చుక్క మిషన్ ఆయిల్ చాలు. రోలర్ తిరక్కపోతే లైను దాన్ని కోసేసి గాడి పెడతాది, ఆ గాడి మళ్ళీ లైన్నే తెంపుతాది. సముద్రం నుంచి రాగానే మంచినీళ్ళ తడిగుడ్డతో తుడిచి డ్రాగ్ వదులు చేసి పెట్టుకోండి.