రెండో స్థానంలో వచ్చినా నష్టమేనా?

ప్రశ్న: నేను నాటింగ్‌హామ్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాను. శనివారాలు రూమ్మేట్లతో కలిసి గుర్రప్పందాల మీద కొద్దికొద్దిగా పెడుతుంటాం. ‘ఈచ్ వే వెయ్యి, గెలవకపోయినా డబ్బు తిరిగొస్తుంది’ అంటారు మావాళ్లు. మొన్న ఎనిమిది గుర్రాల రేసులో 4/1 (గెలిస్తే పౌండుకు నాలుగు లాభం) గుర్రం మీద ఈచ్ వే పది పౌండ్లు పెట్టాను. రెండో స్థానంలో వచ్చింది, చేతికి తొమ్మిదే ఇచ్చారు. షాపువాళ్లు మోసం చేశారా? అసలు ఈచ్ వేలో లాభం ఉంటుందా? – ఒక పాఠకుడు

జవాబు: మోసమేమీ లేదు. చదువుకునే రోజుల్లో నేనూ అక్కడ ఒక బెట్టింగ్ షాపు కౌంటర్‌లో పనిచేశాను కాబట్టి ఈ పేచీ నాకు కొత్త కాదు. స్లిప్పు మీద ‘5 పౌండ్లు ఈచ్ వే’ అని రాసి ఐదు నోటు ఇచ్చేవాళ్లు. పది ఇవ్వాలంటే మొహం చిట్లించేవాళ్లు. అది రెండు పందాలు మరి: ఐదు గెలుపు మీద, ఐదు ప్లేస్ మీద, అంటే మొదటి కొన్ని స్థానాల్లో ఏదో ఒకదానిలో వస్తుందని. మామూలు రేసులో ఎనిమిది గుర్రాలు, ఆపైన పరిగెడితే మొదటి మూడు స్థానాలకు అయిదో వంతు రేటు ఇస్తారు. మీ 4/1లో అయిదో వంతు 4/5. ఐదు పౌండ్లకు నాలుగు లాభం, అసలు ఐదు, మొత్తం తొమ్మిది. గెలుపు మీద పెట్టిన ఐదు పోయాయి. ఈ రేసుల్లో 5/1 కన్నా తక్కువ రేటున్న గుర్రం ప్లేస్‌లో వచ్చినా చేతి డబ్బు పోతుంది. ‘సేఫ్’ అన్నది ఉత్త మాట.

ఇక లాభం సంగతి. ప్లేస్ రేటును బుకీలు విడిగా లెక్కగట్టరు, గెలుపు రేటులోంచి ఒక వంతు కోసి ఇస్తారు. లొసుగు అక్కడే ఉంది. సరిగ్గా ఎనిమిది గుర్రాలు, వాటిలో 4/6 ఫేవరెట్ ఒకటి, తర్వాత 5/1ది, 8/1ది, మిగతా ఐదూ 20/1, 33/1 రకం అనుకోండి. 5/1 గుర్రం గెలిచే అవకాశం ఆరింట ఒకటి కూడా ఉండకపోవచ్చు. కానీ మొదటి మూడింటిలోకి రావడానికి అది ఓడించాల్సింది ఎవరిని? ఆ నాసిరకం ఐదింటినే. నా లెక్కలో నూటికి అరవై సార్లు వస్తుంది. అయిదో వంతు రేటు అంటే సరికి సరి, అంటే యాభై సార్లు వచ్చినా గిట్టుబాటే. గెలుపు సగంలో కాస్త పోయినా ప్లేస్ సగం దాన్ని పూడ్చి పైన మిగులుస్తుంది. అందుకే నేనైతే రేసు కార్డులో గుర్రం పేరు కన్నా ముందు ఎన్ని పరిగెడుతున్నాయో చూస్తాను. ఫేవరెట్ బలహీనంగా ఉండి, అన్నీ 5/1, 6/1 దగ్గర గుమిగూడితే ఈచ్ వే జోలికి పోను.

పందెం వేశాక ఒక్క గుర్రం తప్పుకున్నా లెక్క తారుమారే. ఏడు మిగిలితే రెండు స్థానాలకే చెల్లిస్తారు, రేటు మాత్రం నాలుగో వంతు అవుతుంది. నేల తడిసిందని రేసు రోజు పొద్దున్నే గుర్రాన్ని తప్పించడం అక్కడ మామూలే. అందుకని చివరిదాకా ఆగి వెయ్యండి.

ఏప్రిల్‌లో గ్రాండ్ నేషనల్ అనే పెద్ద రేసు వస్తే ‘ఆరు స్థానాలకు చెల్లిస్తాం’ అని బోర్డులు పెడతారు. 2024 నుంచి అందులో 34 గుర్రాలకే చోటు. ఇలాంటి పెద్ద హ్యాండిక్యాప్ రేసుల్లో (మంచి గుర్రాలకు ఎక్కువ బరువు మోయించేవి) మామూలుగా నాలుగు స్థానాలకు నాలుగో వంతు. అదనపు స్థానాలిచ్చేటప్పుడు దాన్ని చాలాసార్లు అయిదో వంతుకు దించుతారు. ఆ చిన్న అక్షరాలు చదివాకే వెయ్యండి.

ఇదంతా బుకీలకు తెలియదనుకోకండి. ఎప్పుడూ ఇలాంటి ఎనిమిది గుర్రాల రేసులే ఏరుకునే ఆన్‌లైన్ ఖాతాకు త్వరలోనే ‘గరిష్ఠం 2 పౌండ్లు’ అని గీత గీస్తారు. షాపులో నగదుతో వేస్తే కొంతకాలం గడుస్తుంది.

సెలవుల్లో హైదరాబాద్ వచ్చి మలక్‌పేట రేసులకు వెళ్తే టోట్ (అందరి పందెం డబ్బూ పోగేసి గెలిచినవాళ్లకు పంచే పద్ధతి) దగ్గర ఈ లెక్క వాడకండి. అక్కడ ప్లేస్ టికెట్ల డబ్బుది వేరే కుండ, అందులోంచే పంచుతారు. గెలుపు రేటుకూ దానికీ ముడి లేదు.