ఎర్రగడ్డ అని కొడితే హైదరాబాదు వచ్చింది

(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ప్రశ్న: ఎర్రగడ్డ కోస్తే కండ్లలో నీళ్లెందుకు వస్తాయని మా పాప అడిగింది. ఫోన్‌లో "ఎర్రగడ్డ నీళ్లు ఎందుకు" అని కొడితే హైదరాబాదులో ఏదో పేట సంగతులొస్తున్నాయి. ఎట్ల వెతకాల?
— పాఠకురాలు, ఆదోని

జవాబు: తప్పు ఫోన్‌ది కాదు, మీదీ కాదు. హైదరాబాదులో ఎర్రగడ్డ అనే పేట ఉంది, పత్రికల్లో ఆ పేరు తరచూ కనబడుతుంది. కూరలో వేసే ఎర్రగడ్డను మాత్రం నెట్‌లో రాసేవాళ్లు ఎక్కువగా ఉల్లిపాయ అనే రాస్తారు. వెతికేటప్పుడు మన నోటి మాట కాదు, పేజీలో ఉన్న మాట పట్టుకోవాలి. తెల్లగడ్డకు వెల్లుల్లి, బుడ్డలకు వేరుశనగ, అలసందలకు బొబ్బర్లు అని కూడా కొట్టి చూడండి. లేదు, ఎర్రగడ్డ అనే కొడతానంటారా? పక్కన ఒక ఖాళీ వదిలి, మైనస్ గుర్తు పెట్టి, దానికి అంటుకునేలా హైదరాబాద్ అని రాయండి. మైనస్‌కూ మాటకూ నడుమ ఖాళీ పడిందా, గుర్తు పనిచేయదు.

ఇక వచ్చే జవాబుల్లో సగం "ఘాటు వల్ల" అని తేల్చేస్తాయి. అది జవాబు కాదు, ప్రశ్ననే తిప్పి చెప్పడం. తెలిసినవాళ్లు మాత్రమే వాడే మాట ఒకటి జత చేస్తే ఈ తాలు చాలావరకు పోతుంది. ఇక్కడ ఆ మాట "ఎంజైమ్", అంటే కణాల్లో రసాయన మార్పులను నడిపే పదార్థం. అప్పుడు అసలు సంగతి దొరుకుతుంది: కత్తి పడి గడ్డలోని కణాలు పగిలితే, అంతదాకా వేర్వేరుగా ఉన్న గంధక పదార్థమూ ఎంజైములూ కలుస్తాయి. ఒక ఎంజైమ్ ఆ పదార్థాన్ని విడగొడుతుంది, రెండోది దాన్ని కంటికి తగిలే ఆవిరిగా మారుస్తుంది. ఆ రెండో ఎంజైమ్‌ను జపాన్ పరిశోధకులు 2002లో బయటపెట్టారు. అందుకే అంతకుముందు రాసిన పుస్తకాల్లో ఒక్క ఎంజైమే కనబడుతుంది. గడ్డలను అరగంట ఫ్రిజ్‌లో పెట్టి పదునైన కత్తితో కోయండి. చల్లదనానికి ఆవిరి తక్కువ లేస్తుంది, పదునుకు కణాలు తక్కువ నలుగుతాయి.

ప్రశ్న: బెలుం గుహలు కర్నూలు జిల్లావా, నంద్యాలవా? నేను కర్నూలన్నా, మావాడు నంద్యాలన్నాడు. పందెం కాస్తే ఇద్దరికీ నెట్‌లో ఆధారం దొరికింది.
— విద్యార్థి, కర్నూలు

జవాబు: పందెం మీవాడిదే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు ఈ గుహలున్న కొలిమిగుండ్ల మండలం నంద్యాల కిందికి పోయింది. అంతకుముందు రాసిన పేజీలో కర్నూలు అని ఉంటే, రాసిననాటికి అది నిజమే. లేపాక్షి, తిమ్మమ్మ మర్రిమాను కూడా అంతే: పాత పేజీల్లో అనంతపురం, ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లా.

కంప్యూటర్‌లో గూగుల్ అయితే ఫలితాల పైన "టూల్స్" నొక్కి, "ఎనీ టైమ్" దగ్గర కావలసిన తేదీలు ఇవ్వొచ్చు. కానీ ఆ తేదీని గుడ్డిగా నమ్మొద్దు. పాత వ్యాసానికే కొత్త తేదీ తగిలించి మళ్లీ పెట్టేవాళ్లున్నారు. లోపల మండలం, జిల్లా పేర్లు చూస్తే వయసు బయటపడుతుంది. వికీపీడియాలో అయితే వాక్యం చివర ఉన్న చిన్న అంకె నొక్కి, ఆధారం ఏ సంవత్సరానిదో చూడండి. గుహల పొడవు 3,229 మీటర్లన్నది మాత్రం జిల్లా మారినా మారలేదు లెండి.

ప్రశ్న: పాత ఇంగ్లీషు పుస్తకాల్లో మా కడప ముచ్చట్లు వెతికితే ఏమీ దొరకడం లేదు.
— పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: మీరు ఇప్పటి స్పెల్లింగ్ కొడుతున్నట్టుంది. అది 2005లో వచ్చింది. పాతది సి, యు, డి, డి, ఎ, పి, ఎ, హెచ్. 1875లో గ్రిబుల్ అనే ఇంగ్లీషు అధికారి రాసిన జిల్లా మాన్యువల్‌లోనూ అదే. పాత పుస్తకాలు చదువుకోవడానికి దొరికే ఇంటర్నెట్ ఆర్కైవ్ సైటులో పేరు కొట్టి ఊరుకుంటే ఆ మాట పుస్తకం పేరులోనో, దాని వివరాల్లోనో ఉన్నవే వస్తాయి. వెతికే పెట్టె కింద "సెర్చ్ టెక్స్ట్ కంటెంట్స్" ఎంచుకుంటే పుస్తకాల లోపలి పేజీలు కూడా వెతుకుతుంది. ఊరి పేరు రాకపోతే దగ్గర్లోని ఏరు పేరు, తాలూకా పేరు వేయండి.

తెలుగు మాటకు పాత అర్థం కావాలంటే ఆంధ్రభారతి అనే సైటులోని నిఘంటువులు చూడండి. అక్కడ "గుర్రం" దొరక్కపోతే "గుర్రము" అని, అదీ రాకపోతే బండి ఱ వేసి "గుఱ్ఱము" అని కొట్టండి.