పొలం అన్నదా, అన్నలదా?

విజయవాడ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. తల్లి పాత్ర బాగా కుదిరింది. అయితే మొదటి పుటలో 'అన్నల పొలం' అని రాసి, గట్టు తగాదా దగ్గరకు వచ్చేసరికి 'అన్న పొలం' అన్నావు. ఆ పొలం ఒక్కడిదా, ఇద్దరిదా అన్నది తేలకపోతే పంపకాల మీద కట్టిన కథ నిలవదు. సొంతదారు ఒక్కడైతే 'ఎస్' అక్షరానికి ముందు, పలువురైతే సాధారణంగా దాని తరువాత చిన్న కామాను పైన పెట్టి ఇంగ్లీషువారు కంటికి మాత్రమే చూపే తేడాను మనం ఒక్క 'ల'తో చెవికి కూడా వినిపిస్తాం.

అంతకంటే నన్ను బాధపెట్టినవి 'ఇల్లు యొక్క గడప', 'ఏరు యొక్క ఒడ్డు'. తెలుగులో షష్ఠి, అంటే ఫలానావారిది, ఫలానాదానిది అని చెప్పే విభక్తి, చాలా మాటల లోపలే ఉంటుంది: ఇల్లు ఇంటి అవుతుంది, ఏరు ఏటి అవుతుంది, ఊరు ఊరి, చెయ్యి చేతి. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో ఈ ఇ, టి, తి లను ఔపవిభక్తికాలన్నాడు. గోడ, కాలువ వంటివి ఏమీ మారవు. 'బందరు కాలువ గట్టు' అంటే ఈ ఊళ్ళో ఎవరికీ ఏదో లోపించినట్టు అనిపించదు. బహువచనపు 'లు' మాత్రం ఎక్కడైనా 'ల' కావలసిందే. కోడలు అన్న మాట చివర 'లు' ఉన్నా అది ఏకవచనమే కనుక, ఒక్కతెవి కోడలి నగలు, ఇద్దరివి కోడళ్ళ నగలు. నువ్వు రాసిన 'కోడలుల నగలు' ఎవరివీ కావు.

'నా అమ్మ', 'నా ఊరు' అని రాయడం ఈ మధ్య ఫ్యాషను అయింది. ఒక్కగానొక్క బిడ్డ కూడా 'మా అమ్మ' అనే అంటుంది. నేను గవర్నరుపేటలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతూ పొట్టపోసుకునే రోజుల్లో, శుభలేఖకు మాటలు రాసుకొచ్చిన తండ్రి 'నా కుమార్తె' అన్నా కంపోజిటరు అడగకుండానే 'మా' అని పేర్చేవాడు. అదే కాలంలో ఒక వారపత్రిక సంపాదకుడు, కథ చెప్పేవాడు ఒక్కడే కదా అని నా 'మా ఊరి చెరువు'ను 'నా ఊరు యొక్క చెరువు'గా దిద్ది అచ్చువేశాడు. ఆయనకు వ్యాకరణం రాదనను; ఇంగ్లీషు వ్యాకరణం బాగానే వచ్చు.

'మా'కూ 'మన'కూ ఉన్న తేడాను నువ్వు అసలు వాడుకోలేదు. తమ్ముడితో మాట్లాడుతూ అన్న 'మన పొలం' అన్నంతకాలం తమ్ముడికి అందులో భాగం ఉన్నట్టే; ఏదో ఒక పూట ఆ నోటి నుంచి 'మా పొలం' అని వచ్చిందంటే పంపకం జరిగిపోయినట్టే. ఆ ఒక్క మార్పు చేయగలిగిన పనికి నువ్వు పుటల కొద్దీ వాదులాట రాశావు.

ఏ పత్రికకు పంపాలి, పుస్తకం ఎవరు వేస్తారు అన్న ప్రశ్నలు ఇప్పుడు వద్దు. సబ్ రిజిస్ట్రారు కార్యాలయం దృశ్యంలోని 'యొక్క'లను ఉంచు. దస్తావేజు లేఖరులు అలాగే రాస్తారు కనుక అక్కడ అది పాత్రోచితం. తక్కినవన్నీ కొట్టివేసి మళ్ళీ పంపు.