అప్‌డేట్ అయిందా, నవీకరించబడిందా?

సందేహం: మేం నలుగురు మిత్రులం. అందరికీ కంప్యూటర్ల పిచ్చి. కంప్యూటర్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్ ఒకరిది విండోస్, ఒకరిది మ్యాక్, ఒకరిది లినక్స్ కాబట్టి కొత్త వార్త ఏది వచ్చినా ఒకరినొకరు ఆటపట్టించుకుంటాం. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయాక ఇది మరీ ఎక్కువైంది. “నా పాత కంప్యూటర్‌కి పదకొండు ఎక్కనంటోంది” అని నేనంటే, “లినక్స్ ఎక్కించరా, పీడా పోతుంది” అంటాడొకడు. “రాత్రి అప్‌డేట్ పెట్టి పడుకున్నా, పొద్దున లేచేసరికి సిస్టమ్ పడుకుంది” అని ఇంకొకడు. “నాది సగంలో స్ట్రక్ అయింది” అని మరొకడు. తెలుగు ఎం.ఏ. చదివిన మా మిత్రుడికి మాత్రం ఈ మాటలు నచ్చవు. యంత్రం పడుకోదు, సాఫ్ట్‌వేర్ ఎక్కదు, “అప్‌డేట్ అయింది” సంకర భాష, “నవీకరించబడింది” అనాలి అంటాడు. ఫోన్లలో తెలుగు పెట్టుకుంటే అలాంటి మాటలే కనిపిస్తాయి. ఏది సరైనది? అలాగే ప్రోగ్రామ్‌లో ఉండే లోపాన్ని, అదే బగ్‌ని, పురుగు అనవచ్చా, బగ్గు అనాలా?

సమాధానం: మీ మిత్రుడికి తెలుగు మీద ఉన్న ప్రేమ నాకు అర్థమైంది. అయినా ఈ వాదనలో నేను మీ పక్షమే. “అప్‌డేట్ అయింది” అన్నది చక్కటి తెలుగు వాక్యం. “నవీకరించబడింది” అన్న దాంట్లో ఇంగ్లీషు మాట ఒక్కటీ లేదు గానీ దాని కట్టుబడి మొత్తం ఇంగ్లీషుదే.

మన ఇళ్లలో ఎవరూ “తలుపు తెరవబడింది” అనరు. తలుపు తెరుచుకుంది అంటారు, లేదా తలుపు తీశారు అంటారు. “అన్నం వండబడింది” అనరు, వంట అయింది అంటారు. “బడు” మనకు పాత ధాతువే, గ్రంథాల్లో ఉంది. కాకపోతే నోటి తెలుగులో దాని చోటు వేరు. కనబడు, వినబడు, భయపడు, ఇష్టపడు, ఇలా మనసుకో ఇంద్రియాలకో సంబంధించిన చోట అది హాయిగా ఒదుగుతుంది. ఇంగ్లీషు కాగితాలను మాటకు మాట తెలుగు చేయడం మొదలయ్యాక ఆఫీసు నోటీసుల్లో, ఇప్పుడు తెరల మీద అది అడుగడుగునా వచ్చి కూర్చుంటోంది.

ఇక సంకరం సంగతి. రద్దు, జమ, దాఖలు, ఖాళీ, మాఫీ. ఇవన్నీ అరబీ పారసీల నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చినవి. వీటిని మనవాళ్లు ఎలా వాడుకున్నారో చూడండి: రైలు రద్దయింది, రైలు రద్దు చేశారు. డబ్బు జమ అయింది, జమ చేశారు. ఇల్లు ఖాళీ అయింది, ఖాళీ చేశారు. పరాయి మాటను నామంలా తీసుకొని, దాని పక్కన మన “అవు”, “చేయు” నిలబెట్టారు. అప్‌డేట్, క్రాష్, ఇన్‌స్టాల్ వచ్చింది కూడా ఆ దారినే. మీ మిత్రుడు “రైలు రద్దయింది” అనకుండా ఉండగలరా?

మీ వాక్యాల్లో నాకు ఎక్కువ నచ్చింది “అప్‌డేట్ పెట్టి పడుకున్నా” అన్నది. దీని దగ్గర కాస్త ఆగుతాను. ఇంగ్లీషులో నేను అప్‌డేట్ చేసినా, దానంతట అదే అయినా క్రియ ఒక్కటే. మనకు అలా కుదరదు. “నువ్వు అప్‌డేట్ చేశావా, అదే అయిందా?” అని అడుగుతాం. ఎవరి పనో, తప్పు జరిగితే ఎవరిదో ఆ రెండు క్రియల్లోనే తేలిపోతుంది. “అప్‌డేట్ అయిపోయింది” అంటే నా ప్రమేయం లేకుండా జరిగిందని కూడా ధ్వనిస్తుంది. “అప్‌డేట్ చేసుకున్నాను” అంటే నా కోసం, నా మిషన్‌కి. “చేయించాను” అంటే ఇంకెవరి చేతో. వీటి మధ్యకు “పెట్టు” వచ్చి మరో సంగతి చెబుతుంది. ఎసరు పెట్టాను, బట్టలు నానపెట్టాను, ఫోన్ ఛార్జింగ్ పెట్టాను అన్నప్పుడు, పని మొదలుపెట్టి దాని మానాన దాన్ని వదిలేశామని అర్థం. డౌన్‌లోడ్ పెట్టాను, అప్‌డేట్ పెట్టాను అన్నా అంతే. అందుకే పెట్టినవాడు వెళ్లి పడుకోగలిగాడు. మా ఇంటి కంప్యూటర్‌కి లినక్స్ ఎక్కించడానికి వచ్చిన కుర్రాడు “పెట్టాను సార్, గంటలో అయిపోతుంది” అన్నాడు. అంత చిన్న వాక్యంలో మొదలుపెట్టిన మనిషి, దానంతట అది సాగే పని, దాని ముగింపు మూడూ ఉన్నాయి.

“కొట్టు” గుణం దీనికి పూర్తిగా ఎదురు. ఎంటర్ కొట్టు, రీస్టార్ట్ కొట్టు, ఫార్మాట్ కొట్టు. స్టాంపు కొట్టడం, ఈల కొట్టడం లాంటివి. ఒక్క దెబ్బలో అయ్యే పని, లేదా అంత తేలిగ్గా చేసేస్తానని చెప్పుకొనే పని. ఫార్మాట్‌కి గంట పట్టినా “ఫార్మాట్ కొట్టేశా” అంటారు. ఆ ధీమా క్రియలోనే ఉంది.

సాఫ్ట్‌వేర్ “ఎక్కడం” గురించి. లారీకి లోడు ఎక్కిస్తాం, రోగికి సెలైన్ ఎక్కిస్తాం, రికార్డులో పేరు ఎక్కిస్తాం. పాఠం పిల్లవాడి బుర్రకెక్కిందంటాం. బయటి నుంచి వచ్చి లోపల చేరి, అక్కడ ఉండిపోయేదానికి “ఎక్కు” వాడటం మనకు కొత్త కాదు. “పదకొండు ఎక్కనంటోంది” అన్న మీ మాట ఇంకా సొగసైనది. విండోస్ 11 ఎక్కాలంటే మైక్రోసాఫ్ట్ పెట్టిన నియమాల ప్రకారం టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు మిషన్‌లో ఉండాలి. చాలా పాత కంప్యూటర్లలో అది లేదు. ఆ సాంకేతిక వివరమంతా “ఎక్కనంటోంది” అన్న ఒక్క మాటలో ఇమిడింది. డౌన్‌లోడ్‌కి జంటగా “దించుకోవడం” కూడా కొందరు వాడుతున్నారు, బాగుంది. ఎక్కించడానికి దించడం సహజమైన తోడు.

యంత్రం పడుకోదన్న అభ్యంతరం నిలవదు. వ్యాపారం పడుకుంది అంటాం. దీపం కొండెక్కింది అంటాం. మోటారు లేవలేదంటాం. జడపదార్థాలకు ప్రాణం పోసి మాట్లాడటం తెలుగువాడి స్వభావం. తెలంగాణ మిత్రులు “సర్వర్ పండుకుంది” అంటే దాన్నీ తప్పు పట్టకండి, పండుకొను కూడా పాత మాటే.

అయితే పడుకోవడం, మొరాయించడం, పట్టేయడం ఒకటి కావు. ఈ తేడా కంప్యూటర్ల వాళ్లకు బాగా ఉపయోగపడుతుంది. మొరాయించడం ఎద్దుది. కాడి కింద నిలబడే ఉంటుంది, అదిలించినా అడుగు వేయదు. పత్రికలు “సర్వర్లు మొరాయించాయి” అని రాసేది మిషన్ నడుస్తూనే పని చేసిపెట్టనప్పుడు. పట్టేయడం మెకానిక్కుల మాట: ఇంజిన్ పట్టేసింది. మనకు మెడ పట్టేస్తుంది. ఉన్నచోటే బిగుసుకుపోవడం అది. హ్యాంగ్ అనేదానికి ఇంతకంటే దగ్గరి మాట నాకు తోచలేదు. పడుకోవడమంటే మొత్తానికి ఆగిపోవడం.

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన తప్పుడు అప్‌డేట్ వల్ల దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది. తెరలు నీలంగా మారాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. ఆనాటి స్థితికి ఏ క్రియ సరిపోతుంది? ఆ మిషన్లలో చాలావాటిది తిన్నగా పడుకోవడం కాదు. ఆన్ అవుతూ, నీలం తెర చూపించి మళ్లీ మొదటికి వస్తూ ఉన్నాయి. “లేస్తూ పడుతూ ఉన్నాయి” అనాలి. పిల్లల నడక గురించి చెప్పే మాట ఇక్కడ అతికినట్టు సరిపోతుంది.

మీ వాక్యాల్లో నిజంగా దిద్దుకోవలసింది ఒక్కటి: “స్ట్రక్ అయింది”. మనవాళ్లలో చాలామంది ఇలాగే అంటారు. ఇంగ్లీషులో స్ట్రక్ అంటే కొట్టిన, తగిలిన. ఇరుక్కుపోవడానికి మాట స్టక్. ఇంగ్లీషు మాట కావాలంటే “స్టక్ అయింది” అనండి. “సగంలో ఇరుక్కుపోయింది” అంటే ఆ చిక్కే ఉండదు.

ఇక బగ్గు. 1947 సెప్టెంబర్ 9న హార్వర్డ్ మార్క్ 2 కంప్యూటర్‌లో ఒక రిలేలో, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చులో, రెక్కల పురుగు దొరికింది. కంప్యూటర్ శాస్త్రవేత్త గ్రేస్ హాపర్‌తో పనిచేసే బృందం దాన్ని లాగ్ పుస్తకంలో టేపుతో అతికించి, నిజంగా బగ్ దొరికిన మొదటి సందర్భం ఇదని రాసింది. మాట అప్పుడే పుట్టిందని చాలామంది అనుకుంటారు. యంత్రాల్లో లోపాన్ని బగ్ అనడం అంతకు ముందే ఉంది, 1878లోనే ఎడిసన్ తన ఉత్తరంలో వాడాడు. ఆ మాట ముందే ఉంది కాబట్టే లాగ్ పుస్తకంలో రాసినవాళ్లకు అది చమత్కారంగా తోచింది.

మరి పురుగు అనవచ్చా? మీ సరదా మాటల్లో తప్పకుండా అనవచ్చు. కాకపోతే నాకొక సూక్ష్మం కనిపిస్తోంది. తెలుగులో పురుగు పట్టడమంటే బాగున్న వస్తువుకు తర్వాత బయటి నుంచి తెగులు చేరడం. బియ్యానికి పడుతుంది, పుస్తకానికి పడుతుంది. వైరస్ చేరిన కంప్యూటర్‌కి పురుగు పట్టిందంటే సరిగ్గా అతుకుతుంది. బగ్గు అలాంటిది కాదు, ప్రోగ్రామ్ రాసినప్పుడే రాసినవాడి చేతి నుంచి దిగింది. బియ్యంలో పురుగు కంటే బియ్యంలో రాయికి అది దగ్గర. అందుకని “బగ్గులు ఏరుతున్నాను” అనడం నాకు ఇష్టం. డీబగ్గింగ్ చేసేవాళ్ల ఓపిక చేటలో రాళ్లు ఏరేవాళ్ల ఓపికే.

గకారం రెట్టించాలా అని కూడా మీ సందేహం. రెట్టించండి. ఇంగ్లీషు మాటలో అచ్చు పొట్టిదైతే మనం చివరి హల్లును సాధారణంగా రెట్టించి ఉకారం చేరుస్తాం: బస్సు, కప్పు, పెన్ను, బగ్గు. అచ్చు పొడుగైతే రెట్టించం: కారు, కోటు, ఫైలు. బహువచనం బగ్గులు. కోడ్ రాసేవాళ్లు బగ్‌లు అని రాసినా తప్పనను, కానీ పైకి చదివేటప్పుడు వాళ్లూ బగ్గులనే అంటారు. చిప్పు కూడా ఇదే దారి, బహువచనం చిప్పులు. చిప్పలు అన్నారంటే మాత్రం మీ మిత్రులు మిమ్మల్ని వదిలిపెట్టరు.