పెద్దాసుపత్రి నుంచి తిరిగి రావలసిన ఉత్తరం

మీ ప్రశ్న సూటిగానే ఉంది. మంచి డాక్టర్లు, మంచి యంత్రాలు ఉన్న పెద్ద ఆసుపత్రి ఉంటే చాలు కదా, దానికి వైద్య కళాశాలను తగిలించి రోగుల మంచాల చుట్టూ విద్యార్థులను నిలబెడితే దేశానికి ఒరిగేదేమిటని అడిగారు. నేను అలాంటి ఆసుపత్రిలో చదువుకున్నాను. తర్వాత ముప్ఫై పడకల చిన్న ఆసుపత్రిలో పనిచేశాను. ఆ రెండో చోటుకు వెళ్లకపోయి ఉంటే మొదటి చోటు దేనికి ఉందో నాకు అర్థమయ్యేది కాదు.

ఎంబీబీఎస్ చివర్లో హౌస్ సర్జన్‌గా వార్డులో పనిచేస్తున్నప్పుడు పది రోజుల జ్వరంతో ఒకావిడ మా వార్డుకు వచ్చారు. వెంట తెచ్చుకున్న చీటీలో ఒక్కటే ముక్క: "జ్వరం తగ్గడం లేదు, పై చికిత్సకు పంపుతున్నాము." నేను చూశాను, పీజీ చూశారు, రౌండ్స్‌లో ప్రొఫెసర్ చూశారు. మలేరియా, టైఫాయిడ్ పరీక్షల్లో ఏమీ తేలలేదు. సాయంత్రం మూడో సంవత్సరం విద్యార్థిని ఒకామె కేసు రాసుకోవడానికి వచ్చింది. మర్నాడు ప్రొఫెసర్ ముందు చదివి వినిపించాలన్న భయంతో ఆవిడను తల నుంచి కాలిగోటి దాకా పరీక్షించింది. చంక మడతలో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు కనిపించింది. "ఇది కూడా రాయాలా?" అని నన్ను అడిగింది.

అది స్క్రబ్ టైఫస్ అనే జ్వరానికి గుర్తు. నల్లిని పోలిన అతి చిన్న పురుగు కుట్టిన చోట ఏర్పడుతుంది, నొప్పి ఉండదు, అందుకే రోగి కూడా చెప్పరు. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టాం. రెండో రోజుకు జ్వరం దిగింది.

ఆ అమ్మాయికి మాకంటే ఎక్కువ తెలుసని కాదు. ఆమెకు తీరిక ఉంది, మాకు లేదు. నలుగురు వచ్చి అవే ప్రశ్నలు నాలుగుసార్లు అడగడం రోగికి విసుగేనని ఒప్పుకుంటాను. (విద్యార్థులు వద్దనిపిస్తే వద్దని చెప్పండి, మొహమాటపడకండి.) కానీ తనకంటే చిన్నవాళ్ల ముందు "ఈ మందే ఎందుకు" అన్నదానికి రోజూ జవాబు చెప్పుకోవలసి వచ్చే డాక్టరు అలవాటు కొద్దీ చీటీ రాసి పంపడం కష్టం.

విద్యార్థులు ఉంటే అన్నీ మంచే జరుగుతాయని మాత్రం అనను. వియన్నా జనరల్ ఆసుపత్రి సంగతి వైద్య విద్యార్థులందరూ చదివేదే. అక్కడ రెండు ప్రసూతి విభాగాలు ఉండేవి. ఒకదానిలో వైద్య విద్యార్థులు, రెండోదానిలో మంత్రసాని పని నేర్చుకునే మహిళలు. మొదటి విభాగంలోనే బాలింత జ్వరంతో ఎక్కువమంది చనిపోయేవారు. శవపరీక్ష గది నుంచి విద్యార్థులు, డాక్టర్లు నేరుగా కాన్పుల గదికి వస్తున్నారని, ఆ చేతులే చంపుతున్నాయని అక్కడి డాక్టరు ఇగ్నాజ్ సెమెల్వైస్ గుర్తించారు. 1847 ఏప్రిల్‌లో అక్కడ మరణాల రేటు 18 శాతం. మే నెలలో క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్లతో చేతులు కడగాలని నియమం పెట్టాక జూన్‌లో 2 శాతానికి వచ్చింది. హాని చదువు వల్లే వచ్చింది. అయితే రెండు విభాగాలు పక్కపక్కన ఉండటం వల్ల, లెక్కలు రాసి ఉంచడం వల్ల దాని కారణం కూడా అక్కడే బయటపడింది. ఆయన మాటను పైవాళ్లు చాలామంది చెవిన పెట్టలేదన్నది వేరే కథ, అలాంటివి నేనూ కొన్ని చూశాను.

ఇక దేశ వ్యవస్థ మాట. 1961లో కెర్ వైట్ అనే అమెరికన్ వైద్యుడు, ఆయన సహచరులు ఒక లెక్క వేశారు. వెయ్యిమంది పెద్దవాళ్లను తీసుకుంటే ఒక నెలలో 750 మందికి ఏదో ఒక అనారోగ్యం ఉంటుంది. 250 మంది డాక్టరును కలుస్తారు. తొమ్మిదిమంది ఆసుపత్రిలో చేరతారు. విశ్వవిద్యాలయ ఆసుపత్రి దాకా వెళ్లేది ఒక్కరు. జబ్బు అంటే ఏమిటో వైద్య విద్యార్థి నేర్చుకునేది ఆ ఒక్కరి దగ్గర. చిన్న ఆసుపత్రిలో చేరిన మొదటి నెలంతా తలనొప్పి అని వచ్చిన ప్రతివారిలోనూ నాకు మెదడు కణితే కనిపించేది. వాళ్లకు కావలసింది కళ్లద్దాలో, నిద్రో.

తర్వాత ఇంకో సంగతి తెలిసింది. నేను పైకి పంపిన రోగులకు ఏమైందో నాకు ఎవరూ చెప్పలేదు. ఉత్తరం రాదు, ఫోను రాదు. రోగి కోలుకుని మళ్లీ నా దగ్గరికి వస్తే, ఆ ప్లాస్టిక్ సంచిలో డిశ్చార్జి సమ్మరీ నలగకుండా మిగిలి ఉంటే, చదివి తెలుసుకునేవాణ్ణి. అప్పుడు గుర్తొచ్చింది: ఆ నల్లటి పెచ్చు గురించి, ఆ చీటీ రాసి పంపిన డాక్టరుకు మేమూ చెప్పలేదు. వార్డులో అందరం సంబరపడి, ప్రొఫెసర్ విద్యార్థినిని మెచ్చుకుని, అక్కడితో వదిలేశాం.

ఒక్కసారి మాత్రం ఫోను వచ్చింది. ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ తనే నంబరు వెతుక్కుని చేశారు. "మీరు పంపిన కుర్రాడికి అపెండిక్స్ కాదు, డయాబెటిస్. కీటోన్లు పెరిగితే కడుపునొప్పి అలాగే వస్తుంది. ఈసారి షుగరు ఒకసారి చూసి పంపండి" అన్నారు. రెండు నిమిషాలు. సిగ్గుపడ్డాను, కానీ ఆ తర్వాత కడుపునొప్పితో వాంతులతో వచ్చిన ఏ పిల్లవాడికీ షుగరు చూడకుండా పంపలేదు. ఆ రెండు నిమిషాలు ఎన్ని పడకలు ఖాళీ చేశాయో ఏ ఆసుపత్రి లెక్కల్లోనూ ఉండదు.

అందుకే బోధనాసుపత్రిని దాని గోడల లోపల జరిగే ఆపరేషన్లతో కొలవడం నాకు నచ్చదు. చుట్టూ ఉన్న చిన్న ఆసుపత్రుల నుంచి దాన్ని విడదీసి ఉంచడం అన్ని దేశాల్లోనూ ఉన్న రోగమే. బ్రిటన్‌లో 1948లో జాతీయ ఆరోగ్య సేవ మొదలైనప్పుడు ఇంగ్లండ్, వేల్స్‌లోని బోధనాసుపత్రులను ప్రాంతీయ బోర్డుల కిందకు తేలేదు. వాటికి సొంత పాలక మండళ్లు, నేరుగా మంత్రికే జవాబుదారీ. 1974 మార్పులతో గానీ చాలావాటికి ఆ ప్రత్యేకత పోలేదు. చదువుకు, పరిశోధనకు స్వేచ్ఛ కావాలన్న వాదనలో నిజం ఉంది. డబ్బు విషయంలోనూ అంతే: నేర్పుతూ చేసే పని నెమ్మదిగా సాగుతుంది, ఖర్చు ఎక్కువ, దాన్ని వేరుగా భరించక తప్పదు. అమెరికాలో యువ వైద్యుల శిక్షణ ఖర్చులో కొంత, ప్రధానంగా వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా మెడికేర్ నుంచే వస్తుంది. అయితే ఆ డబ్బుకు బదులుగా బయటకు ఏం వెళ్తోందని అడగాలి.

ఇప్పుడు నేను మళ్లీ బోధనాసుపత్రిలోనే ఉన్నాను. మా యూనిట్‌లో, రోగిని పంపిన డాక్టరుకు నాలుగు వాక్యాలు రాయనిదే హౌస్ సర్జన్ కేస్ షీట్ మూయడానికి వీల్లేదు. సగం చీటీల మీద పంపినవారి పేరు చదవడానికి రాదు, నంబరు ఉండదు. మొన్న ఒకామె విసుక్కుని, "ఎవరికని రాయాలి?" అంది. ఆ చీటీ మీది ముద్ర చూసి ఆసుపత్రికి ఫోను చేయమన్నాను. మూడోసారికి ఎత్తారు.